గుడి అడుగున ఉన్న ఇల్లు: బెలీజ్ నదీ లోయలో తొలి మాయాలు

మాయా నాగరికత అనగానే అడవి మధ్య లేచిన పిరమిడ్లు, రాతి పలకల మీద రాజుల బొమ్మలు, లెక్క తప్పని పంచాంగాలు గుర్తొస్తాయి. మధ్య అమెరికాలోని చిన్న దేశం బెలీజ్‌కు వెళ్లే టూరిస్టులు చూసేదీ అదే. దేశం పడమటి అంచున ఉన్న షునాన్‌తునిచ్‌లో దాదాపు 40 మీటర్ల ఎత్తున్న పెద్ద కట్టడం ఎక్కి, అవతల గ్వాటెమాలా వైపు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. కళ్లకు కనిపించే ఆ కట్టడం చాలావరకు క్రీ.శ. 600 తర్వాతిది. అప్పటికే ఆ లోయలో జనం ఇళ్లు కట్టుకుని, కుండలు చేసుకుని, మొక్కజొన్న పండించుకుంటూ పదిహేడు వందల ఏళ్లు గడిచిపోయాయి. ఆ పదిహేడు వందల ఏళ్ల కథ పిరమిడ్ల మీద కనిపించదు. కొంత పిరమిడ్ల అడుగున ఉంది, కొంత పొలాల్లో మోకాలెత్తు కూడా లేని మట్టి దిబ్బల్లో ఉంది.

తొలి మాయా కాలం గురించి గత డెబ్బై ఏళ్లలో తెలిసిన వాటిలో చాలా సంగతులు ఈ లోయ నుంచే వచ్చాయి. మరీ పెద్ద లోయేమీ కాదు. గ్వాటెమాలా వైపు నుంచి మోపాన్ నది, దక్షిణాన మాయా పర్వతాల నుంచి మకాల్ నది వచ్చి సాన్ ఇగ్నాసియో పట్టణం దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి దానికి బెలీజ్ నది అని పేరు. అది తూర్పుగా పారి కరీబియన్ సముద్రంలో కలుస్తుంది. మాయాలు బతికిన పల్లపు ప్రాంతంలో ఎక్కువ భాగం సున్నపురాయి నేల. వాన నీరు ఇంకి కిందికి పోతుంది, పైన ప్రవాహాలు తక్కువ. టికాల్ లాంటి మహానగరం కూడా ఎండాకాలం గడవడానికి తవ్విన చెరువుల మీదే ఆధారపడింది. అలాంటి చోట ఏడాది పొడవునా పారే నది, దాని ఒడ్డున ఒండ్రు మట్టి, ఆ వెనకే సున్నపురాయి గుట్టలు ఉండడం పెద్ద సౌకర్యం. మాయా పర్వతాల నుంచి మకాల్ తెచ్చే గ్రానైట్ రాయి మొక్కజొన్న నూరుకునే రోళ్లకు పనికొచ్చేది. సముద్రం వంద కిలోమీటర్ల దూరం. పడవలో సరుకు పోవడానికీ రావడానికీ నదే దారి.

1954 వరకూ ఈ సౌకర్యాలను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటి మాయా పురావస్తు శాస్త్రమంతా గుళ్లు, సమాధులు, శాసనాల చుట్టూ తిరిగేది. రాజులెవరో తెలుసు, పూజారులెవరో ఊహించేవాళ్లు. మిగతా జనం ఎక్కడున్నారు, ఎంతమంది, ఏం తిన్నారు అన్నది ఎవరి ప్రశ్నా కాదు. నగరాలంటే జనం ఉండే ఊళ్లు కావు, పండగలకు మాత్రమే నిండే ఖాళీ పూజా కేంద్రాలు అన్న అభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గార్డన్ విల్లీ అంతకు ముందు పెరూలోని విరూ లోయలో ఒక కొత్త పద్ధతి ప్రయత్నించాడు. ఒక్క కట్టడాన్ని పట్టుకుని తవ్వడం కాకుండా, లోయ మొత్తంలో ఏ కాలంలో జనం ఎక్కడెక్కడ ఉన్నారో మ్యాపు వేయడం. అదే పద్ధతిని మాయా నేల మీదికి తేవడానికి ఆయన బెలీజ్ లోయను ఎంచుకున్నాడు. అప్పటికి ఆ దేశం బ్రిటిష్ హోండురాస్.

ఎంచుకున్న చోటు బార్టన్ రామీ. నది ఒడ్డున చదునైన నేల. సాగు కోసం అడవి నరికేయడంతో దిబ్బలన్నీ బయటపడ్డాయి. దట్టమైన అడవిలో పది అడుగుల దూరంలో ఉన్న దిబ్బ కూడా కనపడదు కాబట్టి ఇది అదృష్టమే. సుమారు రెండు చదరపు కిలోమీటర్లలో 262 దిబ్బలు లెక్కకు వచ్చాయి. 1954 నుంచి 1956 వరకూ విల్లీ బృందం వాటిలో 65 దిబ్బలను తవ్వి చూసింది. దిబ్బ అంటే ఏమిటో తవ్వితే గానీ తెలియలేదు. ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంటుంది. కర్రల దడి, దానికి మెత్తిన మట్టి, పైన ఆకుల కప్పు. పాతబడ్డాక దాన్ని పడగొట్టి, అక్కడే మట్టీ రాళ్లూ పోసి ఎత్తు చేసి, పైన గచ్చు వేసి మళ్లీ కడతారు. అలా తరాలు గడిచేసరికి ఇల్లున్న చోటు దిబ్బవుతుంది. మన ఊళ్ల శివార్లలోని పాటిదిబ్బలు పెరిగింది కూడా ఇలాగే.

ఈ తవ్వకాలు రెండు విషయాలు తేల్చాయి. మొదటిది, నది ఒడ్డున జనం ఒత్తుగా, స్థిరంగా ఉన్నారు. ఖాళీ పూజా కేంద్రాల సిద్ధాంతానికి ఇది పెద్ద దెబ్బ. రెండోది ఇక్కడ మనకు ముఖ్యమైనది. కొన్ని దిబ్బల అట్టడుగున దొరికిన కుండ పెంకులు రాజులకంటే, శాసనాలకంటే వందల ఏళ్లు పాతవి. కుండల క్రమం తేల్చిన జేమ్స్ గిఫర్డ్ వాటికి జెన్నీ క్రీక్ దశ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని సుమారు క్రీ.పూ. 900 నుంచి లెక్కేస్తున్నారు. ఈ లోయలో తొలి రైతులు వీళ్లేనని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదని తేలడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

సాన్ ఇగ్నాసియో పట్టణాన్ని ఆనుకున్న గుట్ట మీద కహల్ పెచ్ ఉంది. పేరుకు పిడుదుల చోటు అని అర్థం. 1950లలో అక్కడ పశువులను మేపేవాళ్లు, పేరు అలా వచ్చిందే. మాయాలు దాన్ని ఏమని పిలిచారో అన్న ఊహాగానాలు ఇక్కడ అనవసరం. 1988 నుంచి బెలీజ్ దేశస్థుడైన హైమే ఆవే అక్కడ తవ్వకాలు నడిపాడు. తర్వాత ఆయన ఆ దేశ పురావస్తు సంస్థకు అధిపతిగా కూడా పనిచేశాడు. అప్పటిదాకా బెలీజ్ చరిత్రను తవ్వినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో వచ్చి వెళ్లినవాళ్లే. ఆవే పెరిగింది ఆ పట్టణంలోనే.

కహల్ పెచ్‌లో బీ-4 అని నంబరు వేసిన ఒక కట్టడం ఉంది. పైకి చూస్తే మామూలు మెట్ల గద్దె. దాన్ని నిలువుగా తవ్వుకుంటూ పోతే గచ్చు కింద గచ్చు, దాని కింద ఇంకో గచ్చు. పైన రాతి కట్టడాలు, లోపలికి పోయేకొద్దీ ఎత్తు తగ్గుతూ, చివరికి సహజమైన రాతి నేల మీద మట్టి అరుగు, కర్రల దడి గోడల ఆనవాళ్లు. అంటే తర్వాతి కాలంలో గుడిగా మారిన చోటు మొదట ఒక ఇల్లు. ఆ అట్టడుగు పొరలో దొరికిన కుండలు జెన్నీ క్రీక్ కుండలకంటే పాతవి, తీరూ వేరు. వీటికి కునిల్ అని పేరు పెట్టారు. కాలం సుమారు క్రీ.పూ. 1100 నుంచి 900 వరకు. మాయా పల్లపు ప్రాంతం మొత్తంలో దొరికిన అతి పాత కుండల్లో ఇవి కూడా లెక్క.

తొలి కుండలు కదా, మొరటుగా ఉంటాయేమో అనుకుంటే పొరపాటు. రోజువారీ వంటకు వాడిన ముతక కుండలతో పాటు, సన్నని మట్టితో చేసి రంగు పూసి, ఆ పూత మీద గీతలు చెక్కిన పళ్లేలు, గిన్నెలు కూడా ఉన్నాయి. ఆ గీతల్లో క్రాసు గుర్తు, పక్షీ పామూ కలిసిన రూపం, మెరుపు లాంటి చిహ్నాలు ఉన్నాయి. ఇవే చిహ్నాలు ఆ కాలంలో మెక్సికో గల్ఫ్ తీరం నుంచి పసిఫిక్ తీరం దాకా చాలా చోట్ల కనిపిస్తాయి. పది పదిహేను ఇళ్ల పల్లెలో ఉన్నవాళ్లకు వందల కిలోమీటర్ల అవతల చెలామణీలో ఉన్న బొమ్మల భాష తెలుసన్నమాట. సరుకులు కూడా అదే చెబుతాయి. కత్తుల్లా వాడే నల్లని అగ్నిపర్వత గాజు, అంటే ఆబ్సిడియన్, గ్వాటెమాలా ఎత్తు ప్రాంతాల నుంచి వచ్చింది. పచ్చరాయి మోటాగ్వా నది లోయ నుంచి వచ్చింది. ఆ తర్వాతి శతాబ్దాల పొరల్లో సముద్రపు గవ్వలు, శంఖాల ముక్కలు, పగడపు దిబ్బల దగ్గర తిరిగే చేపల ఎముకలు కూడా దొరికాయి. గుట్ట మీది పల్లెటూరు వాళ్లు వంద కిలోమీటర్ల అవతలి సముద్రపు చేపలు తిన్నారు. ఎండబెట్టో ఉప్పు వేసో తెచ్చి ఉండాలి.

అలాగని ఇది సుఖాల కథ అనుకోనక్కర్లేదు. రోజూ తిన్నది మొక్కజొన్న, చిక్కుడు గింజలు, గుమ్మడి, అడవి జింక, కుక్క, నదిలోని నత్తలు. హూటే అని పిలిచే ఒక రకం నల్ల నత్తల గుల్లలు ఈ లోయలో ఏ పొర తవ్వినా దొరుకుతాయి. వాటి చివర విరగ్గొట్టి మాంసం పీల్చేవాళ్లు. బెలీజ్ పల్లెల్లో ఇప్పటికీ తింటారు.

ఇంతకీ ఈ కునిల్ కుండల వాళ్లు ఎవరు? ఎక్కడి నుంచో వచ్చారా, అక్కడివాళ్లేనా? పురావస్తు శాస్త్రజ్ఞులను ఎక్కువగా తిప్పలు పెట్టిన ప్రశ్న ఇదే. కుండలు కనిపించడానికి ముందు వెయ్యేళ్లు ఈ ప్రాంతంలో జనం ఉన్న జాడ పలుచగా ఉంటుంది. కుండలు లేవు, గచ్చులు లేవు, రాతి పనిముట్లు మాత్రం అక్కడక్కడా. కుండలు మొదలయ్యేసరికి అన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. దాంతో బయటి నుంచి వలస వచ్చి ఉంటారని, బహుశా మెక్సికో గల్ఫ్ తీరం వైపు మాట్లాడే మిహె-సోకె భాషల వాళ్లు కావచ్చని కొందరు వాదించారు. జాడ పలుచగా ఉండడానికి వేరే కారణం ఉందని ఇంకొందరి మాట. కుండ పగిలితే పెంకు వేల ఏళ్లు ఉంటుంది. సొరకాయ బుర్ర, వెదురు బుట్ట, ఆకుల పాక అలా ఉండవు. కనిపించకపోవడం లేకపోవడం కాదు.

గత పదేళ్లలో వచ్చిన ఆధారాలు ఈ రెండో వాదనకే బలం ఇస్తున్నాయి. దక్షిణ బెలీజ్‌లోని రాతి గుహల్లో వేల ఏళ్ల పాటు పాతిపెట్టిన మనుషుల ఎముకలు దొరికాయి. వాటిలోని కార్బన్ రకాలను కొలిచి ఎవరు ఎంత మొక్కజొన్న తిన్నారో లెక్కగట్టిన పరిశోధన 2020లో వచ్చింది. సుమారు 4,700 ఏళ్ల కిందట ఆహారంలో మొక్కజొన్న వాటా కొంచెంగా మొదలై, 4,000 ఏళ్ల కిందటికి ప్రధాన ఆహారం అయ్యింది. అంటే క్రీ.పూ. 2000 నాటికే. కునిల్ కుండలకు ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల ముందన్నమాట. అదే గుహల ఎముకల డీఎన్ఏ మీద 2022లో వచ్చిన పరిశోధన మరో మాట చెప్పింది. సుమారు 5,600 ఏళ్ల కిందటి నుంచి దక్షిణం వైపు నుంచి, అంటే ఇప్పటి కోస్టారికా, పనామా దిక్కు నుంచి, జనం ఈ ప్రాంతానికి వచ్చి కలిశారు. వలస జరిగిన మాట నిజమే. అది జరిగిన కాలం వేరు, దిక్కు వేరు.

మరో ఆధారం బెలీజ్ నది దిగువన దొరికింది. క్రూకెడ్ ట్రీ చిత్తడి నేలల్లో డ్రోన్లతో, ఉపగ్రహ చిత్రాలతో చూస్తే వంకర టింకరగా పోయే పొడవాటి కాలువలు, వాటి చివర గుంటలు కనిపించాయి. వరద దిగేటప్పుడు నీళ్లతో పాటు చేపలను గుంటల్లోకి మళ్లించి పట్టుకునే ఏర్పాటు అది. ఎలినార్ హారిసన్-బక్ బృందం 2024లో ప్రచురించిన వివరాల ప్రకారం వీటి మొదలు సుమారు క్రీ.పూ. 2000. కాలువలు తవ్వడం, ఏటా పూడిక తీయడం ఒక్క కుటుంబంతో అయ్యే పని కాదు. కుండలు లేవు, ఊరు లేదు, రాజు లేడు, అయినా పదిమంది కలిసి ఏడాదికోసారి చేసే ఉమ్మడి పని ఉంది. లోయలో తర్వాత జరిగినవాటిని అర్థం చేసుకోవడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. (యూట్యూబ్‌లో మయుడికీ మాయాలకూ చుట్టరికం కలిపే వీడియోలు తెలుగులో చాలానే తిరుగుతున్నాయి. ఈ కాలువలు, గచ్చులు, ఎముకలు చూశాక ఆ వాదనకు కాలు మోపే చోటు కూడా మిగలదు.)

ఇక్కడ కాలనిర్ణయం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. తొలి మాయాల మీద నడిచే వాదనల్లో సగం తేదీల మీది వాదనలే. ఉత్తర బెలీజ్‌లోని కువేయో అనే చోట నార్మన్ హామండ్ బృందం 1970లలో తవ్వకాలు జరిపి, తొలి గ్రామం క్రీ.పూ. 2500 ప్రాంతానిదని ప్రకటించింది. పాఠ్య పుస్తకాలు మార్చాల్సిన మాట అది. తర్వాత మరిన్ని నమూనాలు పరీక్షించేసరికి ఆ తేదీ వెయ్యేళ్లకు పైగా ముందుకు జరిగి క్రీ.పూ. 1200 దగ్గర ఆగింది. బొగ్గు ముక్క కాలం, అది దొరికిన గచ్చు కాలం ఒకటే కావాలని లేదు. వెనకటి చెట్టు కలపను కొత్త ఇంటికి వాడొచ్చు, కింది పొర మట్టిని తవ్వి పై పొరకు పోయొచ్చు.

దీనికి తోడు బొగ్గులో మిగిలిన రేడియోకార్బన్‌ను కొలిచి వయసు లెక్కగట్టే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. సుమారు క్రీ.పూ. 800 నుంచి 400 మధ్య వాతావరణంలో రేడియోకార్బన్ మోతాదు మారిన తీరు వల్ల, ఆ నాలుగు వందల ఏళ్లలో ఏ ఏడాది బొగ్గును పరీక్షించినా దాదాపు ఒకే రకం జవాబు వస్తుంది. బెలీజ్ లోయలో ఇళ్లు గద్దెలుగా, గద్దెలు గుళ్లుగా మారింది సరిగ్గా ఆ నాలుగు వందల ఏళ్లలోనే. తాతకీ ముని మనవడికీ ఒకే పుట్టిన తేదీ వస్తే వంశవృక్షం గీయడం ఎంత కష్టమో ఇదీ అంతే. కహల్ పెచ్ విషయంలో క్లెయిర్ ఎబర్ట్, ఆవే తదితరులు దీన్ని కొంతవరకు దాటగలిగారు. ఒక్కో పొర నుంచి నమూనాలు తీసి, ఏ పొర మీద ఏ పొర ఉందన్న క్రమాన్ని గణితంలో కలిపితే తేదీల పరిధి బాగా కుదించుకుంటుంది. గచ్చు కింద గచ్చు ఉన్న బీ-4 లాంటి కట్టడాలకు అందుకే అంత విలువ.

బ్లాక్‌మన్ ఎడ్డీ కథ ఇంకా విచిత్రం. నది వెంబడి తూర్పుగా, గుట్ట వరస మీద ఉన్న చిన్న కేంద్రం ఇది. అక్కడి బీ-1 అనే కట్టడాన్ని ఒక బుల్డోజర్ సగానికి కోసేసింది. పురావస్తు స్థలానికి ఇంతకంటే పెద్ద నష్టం ఉండదు. అయితే ఆ కోత నిలువునా గోడలా నిలబడి, మొదటి అరుగు నుంచి చివరి గుడి దాకా పొరలన్నీ ఒకేసారి కనిపించాయి. జేమ్స్ గార్బర్ బృందం 1990లలో ఆ కోత దగ్గర మొదలుపెట్టి పొరలు విప్పింది. మామూలుగా చెక్కుచెదరని పిరమిడ్‌ను అట్టడుగు దాకా తవ్వడానికి ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు. పైనున్నది పాడుచేయాలి కాబట్టి. ఇక్కడ ఆ పాపం బుల్డోజర్ ముందే చేసేసింది.

అట్టడుగున, క్రీ.పూ. 1100 ప్రాంతంలో, రాతి నేలలో కర్రలు పాతిన గుంతలు. అంటే మళ్లీ ఇళ్లే. ఆ పైన కొన్ని తరాల తర్వాత పొడవైన తక్కువ ఎత్తు గద్దెలు వచ్చాయి. ఇవి ఒక కుటుంబం ఉండడానికి పనికొచ్చేవి కావు. నలుగురూ చేరడానికి కట్టినవి. వాటికి ఆనుకుని, ఒకేసారి పారేసిన పెద్ద చెత్త పొర దొరికింది. నది నత్తల గుల్లలు, ఆల్చిప్పలు, జంతువుల ఎముకలు, పగిలిన గిన్నెలు. ఇంటి చెత్త ఇలా పోగుపడదు. ఏదో సందర్భానికి ఊరంతా కలిసి తిన్న విందు అది. గద్దె కట్టినవాళ్లకు పెట్టిన భోజనమా, కట్టడం పూర్తయ్యాక చేసుకున్న పండగా అన్నది ఎలా చదివినా, ఈ రెండింటికీ మధ్య తేడా ఆ ఊరివాళ్లకే ఉండి ఉండదు.

ఆ తర్వాతి దశలో గద్దె ముందు వైపు పెద్ద ముఖం ఆకారంలో గచ్చు బొమ్మ కట్టారు. ఇలా కట్టడానికి ముఖం పెట్టడం తర్వాతి మాయా రాజుల కాలంలో అధికారానికి గుర్తు. ఇక్కడ అది చాలా ముందే కనిపించింది. అంతకంటే ఆసక్తి కలిగించే సంగతి, ఆ ముఖాన్ని ఎవరో పగలగొట్టారు, ఆ కట్టడానికి నిప్పు పెట్టారు. తవ్వకాల్లో పాల్గొన్న కేథరిన్ బ్రౌన్, గార్బర్ దీన్ని ఊళ్ల మధ్య పోరాటానికి ఆనవాలుగా చదివారు. మాయాలు శాంతమూర్తులు, నక్షత్రాలు చూసుకుంటూ బతికారు అన్న పాత ఊహ చాలాకాలం కిందటే పోయింది. కానీ ఇంత తొలి దశలో, రాజులు లేని రోజుల్లోనే, అవతలి వాళ్ల గద్దెను తగలబెట్టేంత పంతం ఉందంటే అప్పటికే గద్దె అంటే ఉత్త మట్టి రాళ్ల కుప్ప కాదు. దాని మీద ఎవరి పేరో ఉంది.

ఉమ్మడిది ఒకరిదిగా ఎలా మారింది అన్నదే ఈ లోయ చెప్పే అసలు కథ. కునిల్ కాలంలో ఇళ్ల మధ్య తేడాలు కొద్దిగానే ఉన్నాయి. పచ్చరాయి ముక్క ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ. అయితే ఆ తేడా కనిపించిన ఇల్లే, అదే చోట, అదే దిక్కున, మళ్లీ మళ్లీ కట్టుకుంటూ వచ్చింది. బీ-4 అలాంటి ఇల్లు. తర్వాతి శతాబ్దాల్లో కహల్ పెచ్ పరిసరాల్లో గుండ్రటి గచ్చు వేదికలు వచ్చాయి, వాటిలో మనుషులను పాతిపెట్టారు. ఇళ్ల దగ్గర వందల కొద్దీ మట్టి బొమ్మల ముక్కలు దొరికాయి, ఎక్కువగా మనుషుల బొమ్మలు, దాదాపు అన్నీ విరిగినవే. ఇవి ఇంటింటి పూజకు సంబంధించినవని ఎక్కువమంది నమ్మకం. క్రీ.పూ. 350 దాటేసరికి ఈ బొమ్మలు దాదాపు మాయమవుతాయి. సరిగ్గా అప్పుడే నడిబొడ్డున గుళ్లు పెద్దవవుతాయి. ఇంట్లో జరిగే పూజ చౌకు మధ్యకు, అక్కడి నుంచి ఒక వంశం చేతికి పోయిందని చదవడమే సమంజసంగా తోస్తుంది. పెద్దల అస్థులు ఎవరి గద్దె కింద ఉంటే లోయ భూమి మీద హక్కు వాళ్లది. ఒండ్రు నేల కొంచెమే ఉన్న చోట, మొదట వచ్చి మంచి నేల పట్టినవాళ్ల వంశానికి ఈ మాట ఎంత పనికొస్తుందో చెప్పనక్కర్లేదు.

సముద్రపు గవ్వలతో పూసలు చేసే పని కూడా ఈ మధ్య కాలంలోనే పెరిగింది. లోయకు దక్షిణాన పాక్‌బితున్‌లో వేల సంఖ్యలో పూసలు, వాటిని తొలిచే చిన్న చెకుముకి రాతి మొనలు ఇళ్ల గచ్చుల మీదే దొరికాయి. పూసలు చేసింది రాజు కార్ఖానాలో కాదు, ఇళ్లలో. సంపద పై నుంచి దిగిరాలేదు, కింది నుంచి పోగైంది.

ఈ బొమ్మ ఇంతవరకు బాగానే కుదిరింది. మొదట ఇల్లు, తర్వాత గద్దె, తర్వాత గుడి, చివరికి రాజు. ఇదే మాయా నాగరికత అంతటి దారి అనుకునేవాళ్లకు పడమటి నుంచి వచ్చిన కబురు గట్టి ఎదురు దెబ్బ. గ్వాటెమాలాలో పసియోన్ నది ఒడ్డున సేబాల్ అనే చోటు ఉంది. 1964 నుంచి 1968 వరకు విల్లీయే అక్కడ తవ్వకాలు నడిపాడు. 2005లో తకేషి ఇనోమాటా, డానియెలా ట్రియాడన్ మళ్లీ అక్కడ మొదలుపెట్టి ఇంకా లోతుకు వెళ్లారు. క్రీ.పూ. 950 ప్రాంతంలోనే అక్కడ ఒక పెద్ద ప్రాంగణం, దానికి పడమట ఒక గద్దె, తూర్పున పొడవాటి అరుగు కట్టారు. సూర్యోదయం దిక్కుకు అమర్చిన ఈ ఏర్పాటు తర్వాతి మాయా నగరాల్లో చాలావాటిలో కనిపిస్తుంది. ప్రాంగణం మధ్యలో పచ్చరాతి గొడ్డళ్లు పాతిపెట్టారు. విచిత్రం ఏమిటంటే చుట్టుపక్కల గట్టి ఇళ్లు అప్పటికి కొన్నే. చాలామంది ఇంకా స్థిరపడలేదు. తిరుగుతూ బతికేవాళ్లూ, స్థిరపడ్డవాళ్లూ కలిసి కట్టిన చోటు అది. ఊరు రాకముందే చావడి వచ్చింది.

2020లో అదే బృందం ఇంకా పెద్ద సంగతి ప్రకటించింది. మెక్సికోలోని టబాస్కో రాష్ట్రంలో, సాన్ పెద్రో నది సమీపంలో అగ్వాదా ఫెనిక్స్ అనే చోట మట్టితో పోసిన ఒక గద్దె. పొడవు దాదాపు 1,400 మీటర్లు, వెడల్పు దాదాపు 400 మీటర్లు, ఎత్తు 10 నుంచి 15 మీటర్లు. కట్టిన కాలం క్రీ.పూ. 1000 నుంచి 800 మధ్య. దాని మీద పశువులు మేసేవి, జనం నడిచేవాళ్లు, అది మనుషులు పోసిందని ఎవరికీ అనిపించలేదు. అంత వెడల్పాటి దాన్ని నేల మీద నుంచి చూస్తే సహజమైన మిట్టలాగే ఉంటుంది. విమానం నుంచి లేజర్ కిరణాలు వదిలి నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ పద్ధతిలో చూశాకే ఆకారం తేలింది. 32 నుంచి 43 లక్షల ఘనపు మీటర్ల మట్టి. కోటి మంది ఒక్కో రోజు పనిచేస్తే గానీ తరగని పని. రాజు బొమ్మలు లేవు, రాజభవనం లేదు. మాయా చరిత్రలో అన్నింటికంటే పెద్ద కట్టడాల్లో ఒకటి, మొదటి రోజుల్లోనే, ఆజ్ఞ ఇచ్చే వాడి జాడ లేకుండానే లేచింది.

దాన్ని చూసి, చిన్న ఇళ్ల నుంచి మెల్లగా ఎదిగిన బెలీజ్ లోయ కథ తప్పని కొందరు తీర్పు ఇచ్చేశారు. అది తొందరపాటు. రెండు చోట్లా కాలం ఒకటే, దారులు వేరు. పడమట స్థిరపడని జనం ఏడాదికి కొన్నిసార్లు చేరడానికి పెద్ద మైదానం కావాలి, అందుకే పెద్ద గద్దె ముందు వచ్చింది. బెలీజ్ లోయలో చేపల కాలువల నాటి నుంచీ జనం నీటి ఒడ్డుకు అలవాటు పడ్డారు, ఒండ్రు నేల ఒకే చోట కట్టేసింది, అందుకే ఇల్లు ముందు వచ్చింది. రెండింటిలోనూ ఉమ్మడి శ్రమ రాజుకంటే ముందుంది. అగ్వాదా ఫెనిక్స్‌ను కొన్ని తరాల్లోనే వదిలేశారు. కహల్ పెచ్‌లో దాదాపు రెండు వేల ఏళ్లు జనం ఉన్నారు. ఘనపు మీటర్లు లెక్కేస్తే మొదటిది గొప్ప, మనుషుల తరాలు లెక్కేస్తే రెండోది. వార్తా పత్రికలకు మొదటి రకం లెక్కలంటేనే మోజు.

నది ఉన్న చోట నాగరికత పుడుతుందన్న నైలు నది మార్కు సూత్రం కూడా ఇక్కడ పూర్తిగా పనిచేయదు. లోయలో పెద్ద సాగునీటి కాలువల వ్యవస్థ లేదు, దాన్ని అదుపు చేసే చక్రవర్తి లేడు. కహల్ పెచ్, బ్వెనావిస్తా, షునాన్‌తునిచ్, బ్లాక్‌మన్ ఎడ్డీ లాంటి మధ్యస్థ కేంద్రాలు కొన్ని కిలోమీటర్ల ఎడంలో పక్కపక్కనే ఎదిగాయి. ఏదీ మిగతావాటిని మింగేసి టికాల్ అంత కాలేదు. నది అందరికీ అందుబాటులో ఉండడమే దానికి కారణం కావచ్చు. టికాల్‌లో చెరువు ఎవరిదైతే నీళ్లు వాళ్లవి. ఇక్కడ అలా నీళ్లు ఆపి జనాన్ని లొంగదీసుకోవడం కుదరదు. పైచేయి కావాలంటే పెద్దల అస్థులతో, విందులతో, దూరదేశపు పచ్చరాయితో సంపాదించుకోవాల్సిందే.

2013లో పశ్చిమ బెలీజ్ మీద 1,057 చదరపు కిలోమీటర్ల మేర లైడార్ సర్వే జరిగింది. విల్లీ బృందం మూడేళ్లు చెమటోడ్చి గీసినట్టి మ్యాపు ఇప్పుడు కొన్ని రోజుల విమాన ప్రయాణంతో వస్తుంది. అయితే లైడార్‌కు దిబ్బ ఆకారమే తెలుసు, వయసు తెలియదు. క్రీ.శ. 800 నాటి దిబ్బ కింద క్రీ.పూ. 1000 నాటి గచ్చు ఉందో లేదో మనిషి గొయ్యి తవ్వి చూడాల్సిందే. ఇక ఆ గొయ్యి తవ్వడానికి మిగిలిన దిబ్బలు తగ్గిపోతున్నాయి. అడవి నరికితే దిబ్బలు బయటపడ్డాయని విల్లీకి అదృష్టం దక్కింది, అదే నేలలో ఆ తర్వాత ట్రాక్టర్లు దిగాయి. దున్నిన కొద్దీ పై గచ్చులు పొడి అయి మట్టిలో కలుస్తాయి. ముందు పోయేవి పైపొరలే కాబట్టి కొన్నిచోట్ల అట్టడుగు కునిల్, జెన్నీ క్రీక్ పొరలు ఇంకా పదిలంగా ఉండే అవకాశం ఉంది. కాకపోతే ఏ దిబ్బ ముందు తవ్వాలో లైడార్ చెప్పలేదు, ఆకారం కూడా చెప్పలేదు. బార్టన్ రామీలో అతి పాత పెంకులు దొరికింది పెద్ద దిబ్బల్లోనే కాదు, ఎవరూ పట్టించుకోని చిన్నవాటిలో కూడా.